హింసాసాధనాలు – ఎగుమతి నియంత్రణ

1855వ సంవత్సరంలో చెన్నపట్నంలో ముగ్గురు దొరలు ఒక నివేదిక వ్రాసి ప్రభుత్వానికి సమర్పించినారు. చెన్నరాజధానిలో శిస్తు రాబట్టుకొనడానికీ, నేరం ఒప్పించడానికీ జనాన్ని చిత్రహింసలు పెడుతున్నారన్న వార్త అంతకు ముందటి సంవత్సరం లండనులోని కామన్సు సభకు ఎక్కినది. నిజానిజాలు తేల్చవలసినదిగా ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురిని నియమించినారు. మన కోస్తా జిల్లాలూ, రాయలసీమా ఆనాడు ఆ రాజధానిలోనివే. కనుక వారి ముందుకు వచ్చిన దాదాపు రెండువేల ఫిర్యాదులలో మన తాతముత్తాతలు చెప్పుకొన్నవీ ఉన్నవి. దూరప్రాంతాలనుండి కాలినడకను పోయి చెప్పుకొన్నవారున్నారు.

ఆ నివేదికలో హింసాసాధనాల వర్ణన ఉన్నది. వానిలో ముఖ్యమైనది అరవంలో ‘కిట్టి’. తెలుగులో దానిని ‘చీరత’ అంటారని కమిషనర్లు వ్రాసినారు. రెండు కొయ్యముక్కలను ఒక కొసన కూర్చి, నడుమ వ్రేళ్లనో, చేతినో ఇరికించి నొక్కడం దాని పని. నిమ్మపండు పిండే సాధనంతో వారు దానిని పోల్చినారు. రెండవది సాధనమని కూడ అనడానికి వీలు లేనిది. మనిషిని వంచి, అతని బట్టతోనో ఒక త్రాటితోనో మెడను, కాళ్లను కలిపి కట్టి, ఎండలో గంటల తరబడి ఉంచడం. చాలచోట్ల చీరత సైతం వాడుక తప్పినదనీ, వ్రేళ్లలో వ్రేళ్లు దూర్పించి నొక్కడమే చాలుననుకొన్నారనీ కూడ ఆ నివేదికలో ఉన్నది.

ఎగుమతుల గురించి మాటలాడవలసినవాడు కచేరీ బంట్రోతుల కథ ఎత్తుకొన్నాడేమని మీకు తోచవచ్చును. నాకు ఆ వర్ణనలో కనబడినది ఇది: చీరతను ఎవరూ అమ్మలేదు. ఊరి వడ్రంగి ఒక పూటలో చేయగల వస్తువది. దానికి ధరల పట్టిక లేదు. ఓడ ఎక్కలేదు, రేవు దాటలేదు, సుంకం కట్టలేదు. దానిని ఆపవలెనంటే తాలూకా కచేరీనే బాగుచేయవలెను గాని వేరు మార్గం లేదు. ఇరువదవ శతాబ్దం వచ్చేసరికి ఈ స్థితి మారినది. హింసాసాధనం కర్మాగారంలో తయారయ్యే సరుకైనది. దానికి నమూనా సంఖ్య వచ్చినది, రంగుల బొమ్మల పుస్తకం వచ్చినది, పూచీపత్రం వచ్చినది, అంతర్జాతీయ ప్రదర్శనశాలలలో అంగడి వచ్చినది. సరుకైన తరువాత దానికి ఒక చిట్టా ఉంటుంది, ఒక రేవు ఉంటుంది, రేవులో ఒక గుమాస్తా ఉంటాడు. ఎగుమతి నియంత్రణ అనే మాటకు అర్థం ఆ గుమాస్తా దగ్గర ఆరంభమవుతున్నది.

ఇంగ్లండులో బర్మింగ్‌హాం నగరం ఇనుపపనికి ప్రసిద్ధి. సంకెళ్లు చేసే పనివారు అక్కడ ఎంతో కాలంగా ఉన్నారు. బానిసవ్యాపారం సాగిన రోజులలో ఆ వ్యాపారానికి కావలసిన గొలుసులు ఆ ప్రాంతంనుండే పోయినవని చరిత్రకారులు చెప్పుతారు. 1980 ప్రాంతాలలో కూడ అక్కడ కాలి సంకెళ్లు తయారై విదేశాలకు పోతున్నవని బయటపడినప్పుడు బ్రిటిష్ ప్రజలు సిగ్గుపడినారు, ప్రభుత్వం వాని ఎగుమతిని నిషేధించినది. కాని చేతికి వేసే బేడీలు నిషేధంలో లేవు. ఏ పోలీసు శాఖకైనా అవి కావలసినవే. అప్పుడేమైనదంటే, బేడీలు పెద్దవి కాసాగినవి. మనిషి మణికట్టుకు వేస్తే జారిపోయేటంత పెద్ద బేడీలు ఎవరికి కావలెను? చీలమండలు ఉన్నవారికి కావలెను. రెండు పెద్ద బేడీల నడుమ పొడవైన గొలుసు తగిలిస్తే అవి కాలి సంకెళ్లే. గొలుసును వేరే దేశంలో తగిలించుకొంటే బర్మింగ్‌హాంనుండి పోయినవి బేడీలే.

ఐరోపా సమాజం 2005లో ఈ విషయంపై ఒక శాసనం చేసి, 2006 జూలై 30నుండి అమలులో పెట్టినది. దానిలో సాధారణమైన బేడీ అంటే ఏమిటో కొలతబద్దతో చెప్పవలసి వచ్చినది. తాళం వేసినప్పుడు ఒక బేడీ వెలుపలి అంచునుండి రెండవదాని వెలుపలి అంచువరకు, గొలుసుతో సహా, 150 మిల్లీమీటర్లకు తక్కువ కాక, 280 మిల్లీమీటర్లకు మించక ఉండవలెను. నొప్పి కలిగించే మార్పు ఏదీ దానిలో చేసి ఉండరాదు. లోపలి చుట్టుకొలతకు కూడ తరువాత హద్దు పెట్టినారు. మానవ గౌరవాన్ని గూర్చిన శాసనంలో మిల్లీమీటర్ల లెక్కలేమిటని మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వు వచ్చినది. బర్మింగ్‌హాం సంగతి తెలిసిన తరువాత నవ్వు పోయినది. ఇటువంటి శాసనంలో ప్రతి కొలత వెనుకా ఎవడో ఒక వర్తకుని తెలివి ఉంటుంది.

ఆ శాసనం వస్తువులను విడదీసిన తీరు తెలిసికొనదగినది. హింసకు, మరణశిక్షకు తప్ప మరి దేనికీ పనికిరానివని నిర్ణయించినవి ఒక జాబితా: ఉరికంబాలు, తలలు నరికే గిలోటిన్‌లు, విద్యుత్ కుర్చీలు, విషవాయువు గదులు, ఖైదీ నడుముకు కట్టే విద్యుత్ పట్టాలు, బొటనవ్రేళ్ల బేడీలు మొదలైనవి. వీనిని ఎగుమతి చేయడానికే వీలు లేదు. చరిత్ర కోసం మ్యూజియంకు పంపడానికి మాత్రం మినహాయింపు ఉన్నది. రెండవ జాబితాలోనివి న్యాయమైన పనికీ, అన్యాయమైన పనికీ రెండింటికీ ఉపకరించేవి. చేత పట్టుకొనే విద్యుత్ పరికరాలు, కొన్ని రకాల రసాయన పిచికారీలు. వీనికి ఒక్కొక్క సరుకుకు ఒక్కొక్క లైసెన్సు కావలెను. ఎవరు కొంటున్నారు, ఎందుకు కొంటున్నారు, ఆ దేశపు చెరసాలలను గురించి న్యాయస్థానాలు, అంతర్జాతీయ సంస్థలు ఏమి చెప్పుతున్నవి అని విచారించిన తరువాత గాని లైసెన్సు ఇవ్వరు. మా నాన్నగారి చిన్నతనంలో ఇంట రేడియో ఉంచుకొనడానికి తపాలా కచేరీలో రుసుము కట్టి లైసెన్సు తీసికొనేవారట. డబ్బు కట్టితే అది వచ్చేది. ఈ లైసెన్సు అటువంటిది కాదు. దీనిలో అడిగేవాని అర్హత కన్న, దూరదేశంలో వస్తువు అందుకొనేవాని నడవడి ముఖ్యం.

విద్యుత్ పట్టా సంగతి ఒక్క మాట. దూరాన ఉన్న కాపలావాడు మీట నొక్కితే 50,000 వోల్టుల విద్యుత్తు ఎనిమిది సెకండ్లపాటు ఖైదీ శరీరంలో ప్రవహిస్తుంది. దెబ్బల జాడ పెద్దగా మిగలదు. మీట నొక్కకపోయినా అది నడుముకు ఉన్నంతసేపూ మనిషి దాని తలపుతోనే ఉంటాడు. దీనిని ఊరి వడ్రంగి చేయలేడు. విద్యుత్ శాస్త్రం తెలిసినవారు, కర్మాగారం, పెట్టుబడి, బ్యాంకు ఖాతా కావలెను. అవన్నీ ఉన్నచోట చట్టానికి పట్టు దొరుకుతుంది.

ఐతే వర్తకుడు సరుకును ముట్టనక్కరలేదు. 1995లో బ్రిటిష్ టెలివిజనులో ఒక కార్యక్రమం ప్రసారమైనది. కొనుగోలుదారు వేషంలో వెళ్లిన విలేఖరికి విద్యుత్ లాఠీలు సమకూర్చగలమని పేరున్న సంస్థల ప్రతినిధులే చెప్పినారు. బ్రిటనులో ఎవరి దగ్గరనైనా ఉంటే నేరమైన వస్తువులవి. సరుకు వేరొక దేశంలో తయారై, మూడవ దేశానికి తిన్నగా పోతుంది. లండనులో జరిగేది టెలిఫోను మాటలు, ఉత్తరాలు, దళారీ రుసుము. 1997 జూలైలో కొత్తగా అధికారానికి వచ్చిన ప్రభుత్వం విద్యుత్ లాఠీలు, కాలి సంకెళ్లు మొదలైనవాని ఎగుమతిని మానిపిస్తామని ప్రకటించినది. అయినా దళారీని పట్టుకొనడానికి ఇంకను కాలం పట్టినది. ఐరోపా శాసనానికి 2016లో చేసిన సవరణలో నిషిద్ధ వస్తువులకు దళారీతనం చేయడం, వాని వాడకం నేర్పడం, ప్రకటనలు వేయడం, ప్రదర్శనశాలలో ఉంచడం కూడ నిషేధించినారు.

ఇంతవరకు చెప్పినవి ఇనుమూ, విద్యుత్తూ. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఒక మందు కథ. మన దేశం ఆ కథలో ప్రవేశిస్తున్నందువల్ల కొంత వివరంగా చెప్పుతాను.

థయోపెంటల్ సోడియం అనేది శస్త్రచికిత్సకు ముందు రోగికి స్పృహ తప్పించే మత్తుమందు. 1934నుండి వాడుకలో ఉన్నది. దీని వ్యాపారనామం పెంటథాల్. మత్తు వైద్యులైన ఒక మిత్రులను అడిగితే, తమ చదువు రోజులలో ఆ మందు లేని శస్త్రచికిత్స గది ఉండేది కాదని చెప్పినారు. అమెరికాలో 1982 డిసెంబరులో టెక్సస్ రాష్ట్రం మొదటిసారిగా ఇంజెక్షనుతో మరణశిక్ష అమలుజరిపినప్పుడు, వరుసగా ఎక్కించిన మూడు మందులలో మొదటిది ఇదే. ప్రాణం పోసే గదిలోనిది ప్రాణం తీసే గదిలోనికి నడచినది.

2010 నాటికి అమెరికాలో ఈ మందు తయారుచేసే కంపెనీ ఒక్కటే మిగిలినది, హోస్పిరా. ఆ ఏట దానికి ముడిసరుకు చిక్కు వచ్చి తయారీ ఆగినది. చెరసాలల అధికారులు ఇతర దేశాల వైపు చూచినారు. లండనులో ఆక్టన్ అనే పేటలో కారు నడపడం నేర్పే బడి ఒకటి ఉన్నది. దాని వెనుక గదిలోనుండి వ్యాపారం చేసే డ్రీమ్ ఫార్మా అనే చిన్న సంస్థ పేరిట ఈ మందు అమెరికా చెరసాలలకు పోయినది. ఆ సంవత్సరం అక్టోబరులో ఆరిజోనా రాష్ట్రంలో ఒక ఖైదీకి బ్రిటన్ నుండి తెచ్చిన మందుతోనే శిక్ష అమలుజరిగినది. బ్రిటన్ తన దేశంలో మరణశిక్షను రద్దుచేసికొన్నది. అట్టి దేశం మరొక దేశపు వధ్యశాలకు మందు పంపుతున్నదని అక్కడ న్యాయవాదులు కోర్టుకెక్కగా, నవంబరు చివరకు ప్రభుత్వం ఆ మందును ఎగుమతి నియంత్రణ క్రిందికి తెచ్చినది. హోస్పిరా తన తయారీని ఇటలీలోని కర్మాగారానికి మార్చుకొనవలెనని తలచినది. మరణశిక్షకు పోదని హామీ ఇవ్వమని ఇటలీ అధికారులు అడిగినారు. ఆ హామీ ఇవ్వలేక, 2011 జనవరిలో ఆ కంపెనీ ఈ మందు తయారీనే విడిచిపెట్టినది. ఆ డిసెంబరులో ఐరోపా సమాఖ్య ఈ జాతి మందులను నియంత్రిత జాబితాలో చేర్చినది.

లండను ద్వారం మూసికొన్న తరువాత చెరసాలలకు ముంబయి కనబడినది. అక్కడి కేయెం ఫార్మస్యూటికల్స్ అనే సంస్థ నెబ్రాస్కా రాష్ట్రానికి 500 గ్రాములు అమ్మినది. దక్షిణ డకోటాకు కూడ అమ్మినది. సంగతి పత్రికల కెక్కిన తరువాత, 2011 ఏప్రిలులో ఆ సంస్థ ఒక ప్రకటన చేసినది. హిందూ ధర్మంలోని ఆదర్శాలను గౌరవించే భారతీయ వర్తకులమనీ, మరణ ఇంజెక్షనుకే అయితే ఈ మందును ఇకమీదట అమ్మబోమనీ దాని సారాంశం. ఆ వర్తకుని చేత మానిపించినది మన చట్టం కాదు. చట్టంలో అడ్డు ఉన్నదనే మాటే ఆ ప్రకటనలో లేదు.

ఇంకొక సంఘటన దీనికన్న చిక్కైనది. అదే సంవత్సరం కలకత్తాలోని ఒక మధ్యవర్తి, నారీ అనే సంస్థ దగ్గర ఈ మందు నమూనాలు తీసికొన్నాడు. ఆఫ్రికాలోని జాంబియా దేశంలో మత్తుమందుగా పరీక్షించడానికని చెప్పి తీసికొన్నవి నెబ్రాస్కా చెరసాలకు చేరినవి. తమ సరుకు తిరిగి ఇప్పించవలసినదని ఆ సంస్థ అధిపతి నెబ్రాస్కా ప్రధాన న్యాయమూర్తికే ఉత్తరం వ్రాసినాడు. 2015లో నెబ్రాస్కా అధికారులు మరల అదే మధ్యవర్తికి 54,400 డాలర్లు చెల్లించినారు. అమెరికా ఔషధ శాఖ దిగుమతికి ఒప్పుకొననందున ఆ సరుకు చేరనేలేదు. బేడీకి కొలత పెట్టవచ్చును. గిలోటిన్‌కు నిషేధం పెట్టవచ్చును. ఒక తెల్లని పొడి సీసాను చూచి అది జాంబియా రోగికా, నెబ్రాస్కా ఖైదీకా అని ఏ గుమాస్తా చెప్పగలడు? అతని ముందున్నది కాగితం. ఆ కాగితం మీద తుది వినియోగదారు పేరు వ్రాసేది వర్తకుడు.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉన్నది. అడ్డు మితిమీరితే రోగి నష్టపోడా? 2013లో ఈ ప్రశ్న ఊహలోనుండి వాస్తవంలోనికి వచ్చినది. మిస్సౌరీ రాష్ట్రం ప్రొపొఫాల్ అనే మరొక మత్తుమందుతో అక్టోబరులో శిక్ష అమలుజరుప నిశ్చయించినది. అమెరికా ఆస్పత్రులలో ప్రతి సంవత్సరం కోట్లసార్లు వాడే ఈ మందు అధికభాగం ఐరోపానుండి వస్తున్నది. ఒక్క ఖైదీకి వాడితే ఐరోపా సమాఖ్య దీనిని కూడ నియంత్రిత జాబితాలో చేర్చవచ్చునని జర్మను తయారీదారు హెచ్చరించినాడు. మత్తు వైద్యుల సంఘాలు ఆందోళన చెందినవి. గవర్నరు ఆ ప్రయత్నం విరమించినాడు. ఐరోపా వారు ప్రొపొఫాల్‌ను జాబితాలో చేర్చలేదు. అడ్డు వేయకుండానే, వేస్తారేమోనన్న భయంతోనే పని జరిగినది. రోగుల భద్రతను పణంగా పెట్టి సాధించినది కదా అని ఎవరైనా అంటే నేను కాదనలేను.

నియంత్రణవల్ల అమెరికాలో మరణశిక్ష ఆగిపోలేదు. చెరసాలలు వేరు మందులు వెదకినవి. మందు ఎక్కడిదో చెప్పనక్కరలేకుండా కొన్ని రాష్ట్రాలు శాసనాలు చేసికొన్నవి. 2014 ఏప్రిలులో ఓక్లహోమాలో కొత్త మందుతో ఒక ఖైదీ ప్రాణం పోవడానికి 43 నిమిషాలు పట్టినది. 2024 జనవరిలో అలబామా నత్రజని వాయువును వాడినది. మనం అమ్మకపోతే మరొకడు అమ్ముతాడు అనే వర్తకుని వాదానికి బలం చేకూర్చే సంఘటనలే ఇవి. ఆ వాదం చాల పాతది; బానిసల ఓడలకు గొలుసులు చేసి ఇచ్చినవారికి కూడ అది చాలినది. అది నిజమైన చోట్ల సైతం దానిని ఒప్పుకొనడానికి నాకు మనసు రాదు. మరొకడు అమ్ముతాడన్నది వాని సంగతి. నేను అమ్మినానా లేదా అన్నది నా చిట్టాలో ఉంటుంది.

ఒక దేశం తలుపు మూస్తే సరుకు పక్కదేశపు వాకిట పోతుంది. కనుకనే 2017 సెప్టెంబరులో ఐరోపా సమాఖ్య, అర్జెంటీనా, మంగోలియా కలిసి హింసాసాధనాల వ్యాపారానికి వ్యతిరేకంగా ఒక దేశాల కూటమిని ఏర్పరచినవి. 2019 జూన్‌లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఈ వ్యాపారానికి అంతర్జాతీయ ప్రమాణాలు ఎట్లుండవలెనో పరిశీలించవలసినదని ఒక తీర్మానం చేసినది. అనుకూలం 81, ప్రతికూలం 20, తటస్థం 44. తూచి చూస్తే అది అంత గొప్ప ఆమోదం కాదు. చిత్రహింస వ్యవహారాలను పరిశీలించే ప్రత్యేక ప్రతినిధి 2023లో సభకు సమర్పించిన నివేదికలో పూర్తిగా నిషేధింపదగిన వస్తువులేవో, నియంత్రింపదగినవి ఏవో వేరువేరుగా చెప్పి, అన్ని దేశాలకు ఒక ఒడంబడిక కావలెనని కోరినారు.

మన దేశంలో బేడీలను గురించిన ఆలోచన కొత్తది కాదు. 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యరుగారు ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో తీర్పు చెప్పుతూ, ఖైదీకి అలవాటుగా బేడీలు వేయడం అమానుషమనీ, తప్పనిసరి అయినప్పుడు కారణం వ్రాసి పెట్టవలెననీ శాసించినారు. చిత్రహింసలకు వ్యతిరేకమైన ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై భారతదేశం 1997 అక్టోబరు 14న సంతకం చేసినది. దానిని ధ్రువీకరించడానికి అనువుగా ఒక బిల్లును 2010 మే నెలలో లోక్‌సభ ఆమోదించినది. అది రాజ్యసభ సెలెక్టు కమిటీకి పోయినది, ఆ లోక్‌సభ గడువుతో పాటు మురిగిపోయినది. 2017 అక్టోబరులో లా కమిషను తన 273వ నివేదికలో ధ్రువీకరణ అవసరమని సిఫారసు చేసి, కొత్త బిల్లు ముసాయిదాను జతపరచి పంపినది. ధ్రువీకరణ ఇంకను జరుగలేదు.